బీన్స్ వేళకు రద్దయిన ప్రభుత్వం

ప్రభుత్వం ఎంత చిన్నదైతే జనం అంత సుఖపడతారు. అసలు లేకపోతే ఇంకా సుఖపడతారు. ఈ మాట నమ్మనివాళ్ళు మా నార్త్ కిల్టన్‌కు ఒకసారి రండి. మార్చి నెలలో రండి. వచ్చేదాకా నాది పూచీ. కారులో వస్తే మాత్రం తిరిగి వెళ్ళే సంగతి నేను హామీ ఇవ్వలేను.

మా న్యూ హాంప్‌షైర్‌కు స్వేచ్ఛ బయటి నుంచి తెచ్చుకునే అవసరం ఎప్పుడూ లేదు. కారు నంబరు ప్లేటు మీదే ‘స్వేచ్ఛగా బతుకు, లేదంటే చావు’ అని రాసి ఉంటుంది. ఆ ప్లేట్లు జైల్లో ఖైదీలు తయారుచేస్తారు, అది వేరే సంగతి. పెద్దవాళ్ళు సీటుబెల్టు పెట్టుకోవాలన్న చట్టం లేదు. దుకాణంలో కొన్నదాని మీద పన్ను లేదు. సంపాదించిన జీతం మీద రాష్ట్రానికి పన్ను లేదు. ఇన్ని లేని చోట ఇంక తీసేయడానికి ఏముంటుందని మీరడగవచ్చు. అక్కడే మీరు పొరబడ్డారు!

దేశం మొత్తం మీద ప్రభుత్వాన్ని తగ్గించడం ఎవరి తరమూ కాదు. అందుకని కొందరు స్వేచ్ఛావాదులు కూర్చుని ఒక పథకం వేశారు. ఒకే ఒక్క చిన్న రాష్ట్రాన్ని ఎంచుకోవాలి. తలా ఒక ప్రమాణపత్రం మీద సంతకం పెట్టి, తట్టాబుట్టా సర్దుకుని అందరూ అక్కడికే కాపురం మార్చాలి. ఆపైన ఓట్లతోనే ప్రభుత్వాన్ని కుదించి కుదించి మూలన కూర్చోబెట్టాలి. ఎంచుకున్నది మా రాష్ట్రాన్ని. అలా వచ్చినవాళ్ళలో ఓ గుప్పెడు మంది మా ఊళ్ళో దిగారు.

మా ఊరి ప్రభుత్వం ఎంతటిదో కూడా చెప్పాలి కదా. ముగ్గురు ఊరి పెద్దలు ఉంటారు. వాళ్ళలో ఒకాయన ఆవుల పాలు పితుకుతాడు, ఒకామె స్కూలు బస్సు నడుపుతుంది, మూడో ఆయన చాలావరకు నిద్రపోతాడు. ఒక క్లర్కమ్మ ఉంది. మంగళవారం సాయంత్రం ఆఫీసు తెరిచి కుక్కలకు లైసెన్సులిస్తుంది. ఇక మిగిలింది రోడ్డు ఏజెంటు అర్మాన్ గానియోన్. చలికాలంలో రోడ్ల మీద మంచు తోసేది ఆయనే. మార్చిలో మంచు కరిగి మట్టిరోడ్లు పిసికిన పిండిలా అయితే కంకర పోసి చదునుచేసేది ఆయనే. ఆయన, ఆయన లారీ, రోడ్డు చదునుచేసే ఆయన గ్రేడరు. మా ప్రభుత్వంలో కదిలే భాగం అదొక్కటే.

ఈ ప్రభుత్వాన్ని దించడానికి లోవెల్ స్ట్రికర్ ఇల్లినాయ్ నుంచి వచ్చాడు.

మంచివాడు. కంప్యూటర్ల పని. మాట మెత్తన, సిద్ధాంతం గట్టిది. వచ్చిన మర్నాడే శత్రువును కళ్ళారా చూద్దామని ఊరి హాలుకు వెళ్ళాడు. తలుపుకు తాళం వేసి ఉంది. ‘మంగళవారం రండి’ అని ఒక చీటీ అంటించి ఉంది. పులిని వేటాడ్డానికి వచ్చినవాడికి పెరట్లో పిల్లి నిద్రపోతూ కనిపిస్తే ఎలా ఉంటుంది? లోవెల్‌కు అలాగే అయింది. మెట్ల మీద కాసేపు దిగులుగా కూర్చుని ఇంటికి బయలుదేరాడు.

ఇంటికి చేరలేదు. అది బురద కాలం. గానియోన్ కొండ మలుపులో కారు ఇరుసుదాకా దిగబడిపోయింది. ఎంత తొక్కితే అంత లోపలికి పోతోంది. అప్పుడే ఆ దారిన అర్మాన్ గ్రేడరు మీద వచ్చి, ఆపి, గొలుసు పట్టుకుని దిగాడు.

“ఉండు బాబూ, లాగేస్తా.”

“మీరు ప్రభుత్వమాండీ?” అని అడిగాడు లోవెల్.

ఆ ప్రశ్న అర్మాన్‌ను అంతకుముందు ఎవరూ అడగలేదు. కాస్త ఆలోచించి, “అలాగే అంటారు” అన్నాడు.

“అయితే వద్దండి. నేను ప్రభుత్వ సాయం తీసుకోను.”

అర్మాన్ వాదించే మనిషి కాదు. గొలుసు చుట్టి మళ్ళీ బండిలో వేసుకుని, “నీ ఇష్టం” అని వెళ్ళిపోయాడు. కారు ఇంకో అంగుళం దిగింది.

కాసేపటికి వెనక పెద్ద ట్యాంకు కట్టిన పికప్పు ఒకటి వచ్చింది. మేపుల్ చెట్ల నుంచి కారిన నీరు ఆ ట్యాంకులో పోసుకుని కొండమీద తాను పాకం కాచే షెడ్డుకు తీసుకెళ్తున్న ఆడమనిషి అద్దం దించింది. దారిలో తండ్రి ఎదురై సంగతంతా చెప్పినట్టుంది, మూతి బిగబట్టుకుని నవ్వు ఆపుకుంటోంది.

“నేను ప్రభుత్వాన్ని కాను. దాని కూతుర్ని. పర్లేదా?”

సిద్ధాంతరీత్యా దీని మీద వాదించడానికి చాలా ఉంది. కానీ బురద తలుపుదాకా వచ్చింది. పర్లేదన్నాడు లోవెల్. కొరీన్ గానియోన్ గొలుసు వేసి ఒక్క ఊపులో లాగేసింది. ప్రైవేటు రంగం మీద అతనికి ఎప్పటినుంచో ఉన్న నమ్మకం ఆ క్షణంలో ప్రేమగా మారింది.

ఆ ఏడాదంతా లోవెల్ ఎంత మేపుల్ పాకం కొన్నాడో చూస్తే అతను అన్నంలోకి కూడా అదే పోసుకుంటున్నాడేమో అనిపించేది. అదే సమయంలో, ఒకపక్క ఇలా పాకం కొంటూనే, మరోపక్క తోటి స్వేచ్ఛావాది డేన్ ఫార్లీతో కలిసి, ఏడాదికోసారి ఊరంతా కూడి ఓటేసే ఊరి సభకు ఒక తీర్మానం తయారుచేశాడు. రోడ్డు ఏజెంటు పదవిని రద్దు చేయాలి. ఎవరి ఇంటి ముందు రోడ్డు వాళ్ళే చూసుకోవాలి. కావలసినన్ని సంతకాలు సేకరించి క్లర్కమ్మకు ఇచ్చాడు.

ఇది ద్రోహం కదా అంటారేమో. కానే కాదు! కాగితం మీద అది ఒక పదవి. ఆ పదవి లోపల అర్మాన్ అనే మనిషి ఉన్నాడన్న సంగతి, పెళ్ళి ఖాయమై ఆదివారం భోజనానికి పిలిచి, ఆ మనిషే ఎదురుగా కూర్చుని “ఇంకాస్త వేసుకో అల్లుడూ” అన్నప్పుడే లోవెల్‌కు తట్టింది.

మంగళవారం ఆఫీసు తెరవగానే పరుగున వెళ్ళి తీర్మానం వెనక్కి ఇమ్మని క్లర్కమ్మను బతిమాలాడు. “సభ అంశాల కాగితం తలుపుకి మేకు కొట్టేశాం బాబూ. ఇప్పుడది నీది కాదు, ఊరిది” అంది ఆవిడ. మేకు మేకే. అన్ని తీర్మానాలూ సభలోనే తేలాలి.

ఫిబ్రవరిలో పెళ్ళయింది. మార్చి రెండో మంగళవారం సభ. ముందురోజు కొరీన్ మొగుడితో సూటిగానే మాట్లాడింది.

“పని పోతే నాన్న ఊరుకుంటాడు, ఆయన సంగతి నాకు తెలుసు. కానీ రోడ్డు పోతే నా పాకం కొండమీదే ఉండిపోతుంది. చెట్ల నుంచి నీళ్ళు కారేది ఈ నాలుగు వారాలే. ఏడాదంతా మనం బతికేది దాని మీదే. అది గుర్తుపెట్టుకుని మాట్లాడు.”

లోవెల్ ఇరుకున పడ్డాడు. తీర్మానం నెగ్గితే భార్య పాకం పోతుంది, మామగారి పని పోతుంది, బహుశా తన కాపురమూ పోతుంది. పోనీ లేచి నిలబడి వద్దందామంటే ముందువరసలో డేన్ కూర్చుంటాడు. డేన్ సామాన్యుడు కాదు. కంచె వేయడం కూడా బలప్రయోగమేనని నమ్మినవాడు. అతని ఇంట్లో ఒక పెద్ద ఆడపంది ఉంది. దానికి యజమాని లేడనీ, అది స్వతంత్రురాలనీ, కాకపోతే తన దగ్గర తింటుందనీ అంటాడు. ఆ పంది ఊరంతా తిరుగుతుంది. ఊళ్ళో అది చూడని పెరడు లేదు.

అందుకని లోవెల్ ఒక ఉపాయం ఆలోచించాడు. తీర్మానాన్ని తానే ప్రతిపాదించాలి, తానే ఓడగొట్టాలి. ఎంత చెత్తగా మాట్లాడితే అంత మంచిది. విన్నవాడెవడూ ఓటు వేయకూడదు.

సభ ఊరి హాల్లో, మేడమీద. కింద వంటగది. పొద్దున్నే మొదలవుతుంది. సభాపతి థర్లో ఈస్ట్‌మన్ ముసలాయన. నియమం తప్పడమంటే ఆయనకు ప్రాణసంకటం. వంటగది పెత్తనం కొరీన్ తల్లి డెల్ఫీన్‌ది. రాత్రంతా సన్నని సెగ మీద ఉడికిన బీన్స్, అందులో ఉప్పు పట్టించిన పందిమాంసం ముక్కలు, మేపుల్ పాకం, పక్కన ఆవిరి మీద ఉడికించిన గోధుమరంగు రొట్టె. అది కుండలోంచి తీసే వేళకు వాసన నేలచెక్కల సందుల్లోంచి పైకి తేలుతుంది. అప్పుడు సభ దానంతటదే లేచి మెట్లు దిగుతుంది. ఎవరూ ప్రకటించనక్కర్లేదు. భోజనానికి ముందు పెద్ద విషయం మీద ఓటు ఎప్పుడూ జరగలేదు, జరుగుతుందని ఎవరూ అనుకోరు. ఇది ఎక్కడా రాసి లేదు. మా ఊళ్ళో ముఖ్యమైనవేవీ రాసి ఉండవు.

లోవెల్ లేచాడు. రోమన్ల రోడ్ల దగ్గర మొదలుపెట్టాడు. రోమన్లు ఇటలీ దాటకముందే వెనక వరసలో ఇద్దరు నిద్రపోయారు. తర్వాత కంకర చరిత్ర. తర్వాత కంకరకూ కట్టుబాటుకూ గల సంబంధం. పాత సుంకపు రోడ్ల గేట్లు ఏ చెక్కతో చేసేవారో చెప్పాడు. నీళ్ళు తాగి, చెప్పిందే ఇంకోలా చెప్పాడు. అతని ముఖంలో గెలుపు వెలుగు కనిపించింది, ఎందుకంటే ఎదురుగా జనం ముఖాలు వాడిపోతున్నాయి. ఇంత చక్కగా ఓడిపోతున్నవాణ్ణి నేను ఎప్పుడూ చూడలేదు!

అంతలో రొట్టె వాసన వచ్చింది.

నాతో సహా ఊరు లేచింది. మర్యాదగా, కుర్చీలు చప్పుడు కాకుండా, ఒకరి వెనక ఒకరు మెట్లు దిగింది. అర్మాన్ ముందే కిందికి వెళ్ళిపోయాడు. తన పని గురించి తన ఎదుట ఓటు జరగడం బాగుండదని, భార్యకు బీన్స్ కుండలు ఎత్తిపెడుతున్నాడు. లోవెల్ కళ్ళు కాగితంలో ఉన్నాయి, గమనించలేదు. తలెత్తేసరికి హాల్లో మిగిలింది డేన్, అతని మనుషులు, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ కొరీన్. స్వేచ్ఛావాదులు ఒక్కరూ కదలలేదు. వాళ్ళు భోజనం తెచ్చుకున్నారు. డబ్బాల్లో.

“చర్చ చాలు, ఓటు పెట్టండి” అని డేన్ లేచాడు.

థర్లో కుర్చీల వంక చూశాడు, మెట్ల వంక చూశాడు, నియమాల పుస్తకం వంక చూశాడు. ఆకలి గురించి పుస్తకంలో లేదు. ఓటు పెట్టమని అడిగితే పెట్టాలి.

“అవునన్నవాళ్ళు?”

“అవును” అంది ముందువరస మొత్తం.

“కాదన్నవాళ్ళు?”

“కాదు” అని వెనక గోడ దగ్గర్నుంచి కొరీన్ గొంతు వచ్చింది. దాని వెంటనే ఇంకో “కాదు” వినిపించింది. అది తీర్మానం ప్రతిపాదించినవాడి నోట్లోంచి వచ్చింది.

డేన్ వెనక్కి తిరిగి లోవెల్‌ను చూసిన చూపు గురించి నేను చెప్పను. కొరీన్ చూసిన చూపు గురించి థర్లో చెప్పింది చెబుతాను. నెల కిందట చర్చిలో అతను అవునన్నప్పుడు కూడా ఆమె అతణ్ణి అంత ప్రేమగా చూడలేదు.

ప్రేమకు ఓట్లు రెండే. తీర్మానం నెగ్గింది. ఆ వెంటనే డేన్ ఇంకో చిన్న తీర్మానం పెట్టాడు, ఈ విషయాన్ని ఈ సభలో మళ్ళీ ఎత్తకూడదని. అదీ నెగ్గింది. బీన్స్ వడ్డన పూర్తికాకముందే మా ప్రభుత్వంలో కదిలే భాగం కదలడం మానేసింది. ఏ సామ్రాజ్యమైనా ఇంత ప్రశాంతంగా కూలిందా? ఒక్క చెంచా కూడా కింద పడలేదు!

భోజనం చేసి, మూతులు తుడుచుకుంటూ పైకి వచ్చిన ఊరికి సంగతి తెలిసింది. అందరి కళ్ళూ అర్మాన్ మీద పడ్డాయి. ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు, చేతులు ఎప్పుడో ఆరిపోయినా. చివరికి, “అయితే రేపట్నుంచి నాకు సెలవన్నమాట” అన్నాడు.

ఇక మిగిలింది ఒక్క అంశం. పాతకాలపు చిన్న పదవులకు మనుషుల్ని ఎన్నుకోవడం. అందులో ‘పందుల పెద్ద’ ఒకటి. ఎప్పుడో తప్పిపోయిన పందుల్ని పట్టడానికి పెట్టిన పదవి. పని ఉండదు, జీతం ఉండదు. ఆ ఏడు కొత్తగా పెళ్ళయిన మగాణ్ణి నవ్వుకోవడానికి దానికి ఎన్నుకోవడం మా ఆచారం. ఊళ్ళో చాలామంది తాతలు ఒకప్పటి పందుల పెద్దలే.

సభలో ఎప్పుడూ ఎవరి పేరూ ప్రతిపాదించని అర్మాన్ లేచాడు.

“పందుల పెద్దగా మా అల్లుడు” అన్నాడు.

హాలు కప్పు ఎగిరిపోయేలా ‘అవును’ అన్నారు. లోవెల్ తప్పించుకున్నానని ఊపిరి పీల్చుకున్నాడు. ఇంతేనా, కాస్త ఎగతాళి, అంతే కదా అనుకున్నాడు. అప్పుడు అతని భార్య చెయ్యెత్తింది.

“ఒక మాట చేర్చాలండీ. పంది తిరిగే దారులన్నీ ఏడాది పొడుగునా దాని నడకకు అనువుగా ఉంచే బాధ్యత కూడా పందుల పెద్దదే అని.”

ఊరి వాళ్ళంతా ఒకేసారి మనసులో డేన్ పంది తిరిగే దారుల్ని లెక్కేసుకున్నారు. అది తిరగని దారి ఊళ్ళో ఉందా? లేదు. గానియోన్ కొండ కూడా దాని షికారులోదే, పాకం షెడ్డు వెనక పారబోసిన మడ్డి కోసం వారానికోసారి వెళ్తుంది.

డేన్ దీర్ఘంగా ఆలోచించాడు. జీతం లేదు. అంటే ఖర్చు లేదు. ఖర్చు లేకుండా రోడ్లు! ఏళ్ళ తరబడి తాను కలలుగన్నది ఇదే కదా! అందరికంటే గట్టిగా ‘అవును’ అన్నది డేనే.

“నా అనుమతి లేకుండా నా నెత్తిన పదవి పెట్టడం బలవంతం” అని లోవెల్ గొణిగాడు. థర్లో ముసలాయన కళ్ళజోడు పైకి తోసి, “వద్దంటే వద్దను బాబూ, రాసుకుంటాను” అన్నాడు. లోవెల్ వద్దనడానికే నోరు తెరిచాడు. గోడ దగ్గర కొరీన్ అతని వంకే చూస్తోంది. ఆ ఏడాది పాకం మొత్తం ఆమె ముఖంలో ఉంది.

“సరే” అన్నాడు లోవెల్. అర్మాన్ జేబులోంచి లారీ తాళాలు తీసి అతని చేతిలో పెట్టాడు.

అలా, ప్రభుత్వాన్ని కుదిస్తానని ప్రమాణపత్రం మీద సంతకం పెట్టిన మనిషి, ఊళ్ళో మొత్తం ప్రభుత్వం తానే అయ్యాడు. ఇంతకన్నా చిన్న ప్రభుత్వం ఎక్కడైనా ఉందేమో చూపించండి!

ఆ వసంతం లోవెల్ తల ప్రాణం తోకకు వచ్చింది. గ్రేడరును పక్కకు తిప్పబోయి చర్చి కంచెను చదునుచేశాడు. ఒక రోడ్డును బాగుచేస్తే అది కాలవగా మారింది. సలహా కోసం మామగారి దగ్గరికి వెళ్తే, అర్మాన్ వంటింటి కిటికీ దగ్గర కాఫీ కప్పుతో కూర్చుని ఉన్నాడు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి మంచు పడుతుంటే చూస్తూ కూర్చునే తీరిక ఆయనకు దొరికింది.

“మావయ్యా, కొండ మలుపులో నీళ్ళు రోడ్డు మీదికే వస్తున్నాయి. ఎటు తిప్పాలి?”

“నేనిప్పుడు ప్రభుత్వాన్ని కాను కదా అల్లుడూ” అని అర్మాన్ కాఫీ ఊదుకున్నాడు. “స్వతంత్రుణ్ణి. నా సలహా నీ మీద రుద్దడం బాగుండదు.”

మూడోసారి అడిగితే మాత్రం చెప్పాడు. చెప్పడమేమిటి, బూట్లు వేసుకుని వెళ్ళి తూము ఎక్కడ మూసుకుపోయిందో కర్రతో పొడిచి చూపించాడు. కాకపోతే, ఇది స్వచ్ఛందమని ప్రతి పొడుపుకూ గుర్తుచేశాడు.

లోవెల్‌ను ఎక్కువగా పిలిచింది ఎవరనుకున్నారు? స్వేచ్ఛావాదులే! మా ఇంటి ముందు ఎప్పుడు చదునుచేస్తారు, మా మలుపులో కంకర ఏది, పక్కవాడి వైపు ముందెందుకు వెళ్ళారు అని. ఎవరి ఇంటి ముందు వాళ్ళు చూసుకోవాలన్నది మన తీర్మానమే కదా అని లోవెల్ ఒకసారి డేన్‌కు గుర్తుచేశాడు. డేన్ ఏమీ నొచ్చుకోలేదు.

“నా కోసం కాదు లోవెల్” అన్నాడు. “పంది నడవాలిగా.”

కొరీన్ పాకం మాత్రం కొండ దిగింది. ఆమె పికప్పు రెండుసార్లు దిగబడింది, రెండుసార్లూ ప్రభుత్వమే లాగింది. రెండోసారి మోకాళ్ళదాకా బురదలో నిలబడి గొలుసు తగిలిస్తున్న మొగుణ్ణి చూసి, “ప్రభుత్వ సాయం తీసుకోవచ్చంటావా?” అంది. అతను నవ్వలేదు. నవ్వే ఓపిక లేదు. అయినా ఆ మాట మీద ఆ రాత్రి ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారని డెల్ఫీన్ ఊరంతా చెప్పింది.

ఏడాది తిరిగింది. మళ్ళీ మార్చి, మళ్ళీ సభ. హాలు తలుపు మీద మేకు కొట్టిన కాగితంలో లోవెల్ తీర్మానం ఉంది. రోడ్డు ఏజెంటు పదవిని తిరిగి పెట్టాలి.

ఈసారి రోమన్లు రాలేదు. లోవెల్ లేచి, “లారీకి కొత్త బ్లేడు కావాలి. కంకర కావాలి. ఆ పని చేసేవాడికి జీతం కావాలి. ఇంతకన్నా చెప్పడానికి నాకేమీ లేదు” అని కూర్చున్నాడు.

అర్మాన్ లేచాడు. స్వేచ్ఛ ఆయనకు బాగా ఒంటబట్టింది. కొంచెం ఒళ్ళు కూడా చేశాడు. “ఇదంతా ఎందుకండీ? ఎవరి ఇంటి ముందు వాళ్ళు చూసుకుంటే పోలేదా?” అన్నాడు ఎంతో అమాయకంగా. ఊరు పొట్ట పట్టుకుని నవ్వింది. లోవెల్ చెవులు ఎర్రబడ్డాయి. డేన్ ఒక్కడే చప్పట్లు కొట్టాడు. అతనికి అందులో వెటకారమేమీ కనిపించలేదు.

అంతలో రొట్టె వాసన వచ్చింది.

మీరేమనుకున్నారు? ఏడాదంతా గుంటల్లో పడిలేచిన ఊరు, రోడ్డు మీద ఓటు పడే క్షణాన గట్టిగా కూర్చుంటుందనుకున్నారా? మర్యాదగా, కుర్చీలు చప్పుడు కాకుండా లేచింది. ఒకరి వెనక ఒకరు మెట్లు దిగింది. ముందువరస డబ్బాలు తెరిచింది. కింద అలికిడి ఆగింది. కాసేపటికి, ఒకరి వెనక ఒకరు మెట్లెక్కి తిరిగి వచ్చారు.

“తలుపు బిగుసుకుందా?” అని అడిగాడు థర్లో.

“బిగుసుకోలేదండీ” అని లోవెల్ లేచి నిలబడ్డాడు. అతని పక్కన, ఏప్రన్ విప్పి ఒళ్ళో మడిచిపెట్టుకుని, డెల్ఫీన్ కూర్చుని ఉంది. “నేనే తాళం వేశాను. అందరూ ఓటేశాక తీస్తాను.”

మా ఊరి వంటగదికి తాళం ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఆ హాలు కట్టినప్పటి నుంచి ఎవరూ వేసినవాళ్ళు లేరు.

డేన్ ఎర్రబడి, “ఇది నిర్బంధం” అన్నాడు.

“అవునండీ” అన్నాడు లోవెల్.

డేన్ కూర్చున్నాడు. ఇన్నేళ్ళ వాదనల్లో ఎవరూ అతనితో అవునని ఒప్పుకోలేదు. నియమాల పుస్తకంలో తాళాల గురించి కూడా లేదు. థర్లో పుస్తకం మూసి ఓటు పెట్టాడు. అన్నిటికంటే ముందు, అన్నిటికంటే గట్టిగా వినిపించిన ‘అవును’ డెల్ఫీన్‌ది. ఆ హాల్లో అన్నేళ్ళుగా ఊరందరి ఆకలీ తీరుస్తూ కింద ఉండిపోయిన మనిషి, పైన ఓటు ఎలా ఉంటుందో ఆ రోజే చూసింది. మా అందరికీ కాస్త సిగ్గువేసింది, కానీ ఆకలి ఇంకా ఎక్కువగా వేస్తోంది కాబట్టి మేమూ అవునన్నాం. ముందువరసలో కూడా ఒకరిద్దరు అన్నారు. వాళ్ళ డబ్బాల్లో ఏముందో మరి.

రోడ్డు ఏజెంటుగా అర్మాన్ పేరు చెప్పారు. ఆయన చెయ్యి అడ్డంగా ఊపేశాడు. “నాకిప్పుడు కిటికీ అలవాటైపోయింది. వాణ్ణే పెట్టండి, తూములన్నీ నేర్పాను” అన్నాడు. పెట్టాం. కొరీన్ మెట్ల దగ్గర మొగుడి కాలరుకు అంటిన బురద గోటితో గీకుతూ ఏదో అంది. నాకు వినపడలేదు. అతని ముఖం మాత్రం పెళ్ళినాటిలా అయింది.

కాబట్టి పాఠకులారా, స్వేచ్ఛ మా ఊళ్ళో ఘనవిజయం సాధించింది. ప్రభుత్వం ఇప్పటికీ చిన్నదే. ఒక్క మనిషి. అతని కింద లారీ, జేబులో ఒక తాళంచెవి.

ఆ సాయంత్రమే ఊరు ఒక వినతిపత్రం కూడా రాసింది. రోడ్డు గురించి కాదు. జీతం గురించి కాదు, కంకర గురించి కాదు. వంటగది తలుపు ఆలస్యంగా తెరిచినందువల్ల బీన్స్ చల్లారిపోయాయనీ, ఇలాంటి ఘోరం ఇంకెప్పుడూ జరగకూడదనీ. ఊళ్ళో ఓటున్న ప్రతివాడూ సంతకం పెట్టాడు. నేనూ పెట్టాను. అన్నిటికన్నా పైన డేన్ సంతకం. ఏ సభలోనూ ఇంతమందిమి ఒక్క మాట మీద నిలబడింది లేదు.

లోవెల్ ఆ కాగితం మెట్ల మీద నిలబడి మొదటినుంచి చివరిదాకా చదివాడు. మడిచి జేబులో, తాళంచెవి పక్కన పెట్టుకున్నాడు. బయట మళ్ళీ మంచు మొదలైంది. లారీ ఎక్కి పనికి వెళ్ళిపోయాడు.